బి విటమినులును సూక్ష్మజీవుల కేంద్రకామ్లములును



ప్రతిదినము రాత్రివేళ మన యిండ్లలో గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి మూతపెట్టుదుము. తెల్లవారునప్పటికి పాలు గట్టిగా తోడుకొనియుండును. ఆ రాత్రి ఆ గిన్నెలో నడచిన వ్యవహారమును మన మెవ్వరమును తలచుకొనము. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆహారముగా గొని, పులుపును వెలువరించి, ఒక్కొక్కటి రెండై, రెండు నాలుగై, ఉదయమునకు లెక్కకు మిక్కిలియైన సంతతిగా పెరిగినవి. ఒక జీవి రెండగుటకు ముందు దానియొద్ద నున్న వంశలేఖకు మారుప్రతి యొకటి సిద్ధము కావలెను. ఆ వ్రాత ముగియనిదే విభజన సక్రమముగా జరుగదు.

ఆ వ్రాతకును బి విటమినులకును గల సంబంధమే నేటి ప్రసంగవిషయము. ఇది కేవలము ప్రయోగశాలలోని ముచ్చట కాదు. గర్భిణికి వైద్యుడు వ్రాసియిచ్చు మాత్ర, చీముపట్టిన పుండునందు సల్ఫామందు పనిచేయకపోవుట, రక్తపు కాన్సరు తగిలిన పసిబిడ్డలకు మొట్టమొదట కొంత ఉపశమనము నిచ్చిన ఔషధము, శాకాహారియైన వృద్ధునకు పాదములు తిమ్మిరెక్కుట – ఈ నాలుగును ఒకే దారమున గ్రుచ్చబడినవి. ఆ దారమును మనకు మొదట చూపినవి పెరుగులోని జీవులకు దాయాదులైన పులుపు సూక్ష్మజీవులు. వానిని ప్రశ్నించి సమాధానము రాబట్టినవారిలో మన గోదావరి సీమవారు, భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు.

ముందుగా ఆ వంశలేఖ యెట్టిదో చెప్పవలెను. దానిని శాస్త్రజ్ఞులు కేంద్రకామ్లమందురు. ఇది రెండు విధములు. డి.ఎన్.ఏ. అనునది మూలగ్రంథము, ఆర్.ఎన్.ఏ. అనునది ఆ గ్రంథమునుండి నాటి పనికొరకు ఎత్తి వ్రాసికొను చీటి. మన తెలుగునకు ఏబదియారక్షరము లుండగా ఈ లిపికి నాలుగే అక్షరములు. అడినిన్, గ్వానిన్ అనునవి రెండు చక్రములు కలిసియున్న ప్యూరిన్ జాతివి. సైటోసిన్, థైమిన్ అనునవి ఒంటిచక్రపు పిరిమిడిన్ జాతివి. చీటిలో మాత్రము థైమినునకు మారుగా యురాసిల్ అను అక్షరముండును. ఈ రెంటికిని భేదము స్వల్పము. ఒక కర్బన పరమాణువును మూడు హైడ్రోజను పరమాణువులును గల మిథైల్ అను చిన్న తునక యురాసిలునకు తగిలినచో థైమిన్ అగును. నిలువు, అద్దము అను మాటల నడుమ టకారము వచ్చి చేరగా నిలువుటద్దమైనట్లు ఇదియు నొకవిధమైన ఆగమమే. ఈ చిన్న తునకను జ్ఞాపకముంచుకొనుడు. కథ యంతయు దీనిమీదనే నడచును.

అక్షరములు నాలుగే యైనను గ్రంథము చిన్నది కాదు. మన ప్రేగులలో నివసించు ఎషెరికియా కోలై అను సూక్ష్మజీవి కంటికి కనబడనంత అల్పమైనది. అయినను దాని డి.ఎన్.ఏ.లో సుమారు 46 లక్షల అక్షరముల జంటలు గలవు. ఇంచుమించు సగము జంటలలో నొక్కొక్క థైమిన్ ఉండును. కావున అది ఒక్కమారు రెండగుటకు 22 లక్షలకు పైబడిన థైమినులు క్రొత్తగా కావలసియుండును. అనుకూలమైన స్థితిలో అది యిరువది నిముషముల కొకమారు రెండగును! పూర్వము తాటాకుపై గంటముతో భారతమును ప్రతి యెత్తిన వ్రాయసగాండ్రను తలచుకొని, వారిలో నొకనికి తకార మొక్కటి యియ్యక తక్కిన యక్షరములన్నియు నిచ్చి వ్రాయుమన్నచో నేమగునో ఊహింపుడు. మొదటి ఆకుపై మొదటి పంక్తియైనను ముగియదు.

ఇక విటమినుల మాట. బి వర్గమున ఎనిమిది విటమినులు గలవు. ఎషెరికియా కోలై వంటి కష్టజీవి సామాన్యముగా చక్కెరయు కొలది లవణములును ఇచ్చిన చాలును. తన విటమినులను తానే చేసికొనును. పులుపు సూక్ష్మజీవులు అట్టివి కావు. పాలలోను పండ్లలోను సమస్తమును సిద్ధముగా దొరకుటచే అవి, కలవారింట పుట్టి వంట నేర్వని బిడ్డలవలె, అనేక పదార్థములను స్వయముగా చేసికొను నేర్పు లేనివైనవి. ఈ లోపమే శాస్త్రజ్ఞులకు వరమైనది. గాజుగొట్టములలో సమస్తాహారము నిచ్చి ఒక్క విటమినును మాత్రము మానిపించినచో జీవి పెరుగదు. ద్రవము తేటగా నుండిపోవును. ఆ విటమినును రవ్వంత చేర్చగనే కలక బారును. ఎంత చేర్చిన నంత కలక, అంత పులుపు. కాలేయమునో, ఆకుకూరనో, రోగి రక్తమునో తెచ్చి ఒకబొట్టు వేసి, కలకనుబట్టి దానిలో విటమిను ఎంతయున్నదో లెక్కగట్టవచ్చును. గ్రాములో నూరుకోట్లవ వంతు వంటి పరిమాణమును, ఏ త్రాసును తూచజాలని దానిని, లాక్టోబాసిల్లస్ కేసియై అను సూక్ష్మజీవి తూచి చెప్పెను. జంతువుల కైనచో వారములు తరబడి మేతపెట్టి కనిపెట్టవలెను. ఈ జీవి ఒకటి రెండు దినములలో తీర్పు చెప్పును, లంచమెరుగని తీర్పరి.

ఇట్టి తీర్పరి యవసరమైన వ్యాజ్యము మన దేశముననే పుట్టినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, అచటి నూలుమిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు గర్భకాలమున వచ్చు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించిరి. ఆ స్త్రీల రక్తములో కణములు తక్కువగుటయే గాక, ఉన్న కణములు అసహజముగ పెద్దవై యుండెను. ఈస్టునుండి తీసిన మార్మైట్ అను చవుక సరకును తినిపించగా వారు కోలుకొనిరని ఆమె 1931లో ప్రకటించిరి. అందులోని గుణకారి యేదో ఎవరికిని తెలియదు. కొంతకాలము దానిని విల్స్ గుణకమనియే వ్యవహరించిరి. కణములు ఏల పెద్దవైనవో కూడ నాటికి తెలియదు. లేఖ ప్రతియెత్తబడక విభజన నిలిచిపోగా, శరీరము మాత్రము ఉబ్బుచుండుటయే అందులకు కారణమని నేడు మనకు తెలియును.

1941లో అమెరికాదేశపు టెక్సస్ విశ్వవిద్యాలయమున మిచెల్, స్నెల్, విలియమ్స్ అను మువ్వురు, ఒక స్ట్రెప్టోకాకస్ జాతి పులుపు సూక్ష్మజీవిని పెరుగజేయు పదార్థమునకై నాలుగు టన్నుల పాలకూరను నలిపి, పిండి, వడగట్టి, చివరకు చిటికెడైన నిలువని సారమును పట్టిరి. లాటినులో ఫోలియమ్ అనగా ఆకు. ఆకునుండి వచ్చినది గాన ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. మన భాషలో పర్ణామ్లమనవచ్చును గాని, వైద్యులును దుకాణదారులును ఎరిగిన పేరునే వాడుట మంచిది.

ఇచ్చట సుబ్బారావుగారి ప్రసక్తి వచ్చును. ఆయన 1895లో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికాకు వెడలిరి. ఆయన సోదరు లిరువురు స్వల్పవ్యవధిలో స్ప్రూ అను గ్రహణీరోగమున మరణించిరి. ఆ రోగమున ప్రేగులు ఆహారసారమును గ్రహింపవు, రక్తము క్షీణించును, కణములు బొంబాయి స్త్రీల కణములవలెనే పెద్దవగును. హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో గూడి ఆయన రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరముల శక్తికి మూలమైన ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెలికితీసిరి. ఈ ఏ.టి.పి. కూడ అడినిన్ అక్షరమునకు చక్కెరయు భాస్వరమును తగిలినదే యగుట విశేషము. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అను గ్రామమున నున్న లెడర్లీ పరిశోధనాలయమున చేరి, కాలేయమునందలి రక్తహీనతాహరమైన పదార్థములను వెదకు దళమునకు నాయకులైరి. ఆ దళమువారు లాక్టోబాసిల్లస్ కేసియైని తీర్పరిగా నిలిపి, సారము తీసిన ప్రతిమెట్టున దానిని పరీక్షించుచు, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ నిర్మించిరి. అది చౌకగా విరివిగా లభింపసాగిన కొలదికాలమునకే స్ప్రూ రోగులకిచ్చి చూడగా వారి రక్తము కోలుకొనెను. సోదరులను హరించిన రోగమునకు మందు సుబ్బారావుగారి ప్రయోగశాలనుండియే వెలువడినది. అయితే పాతిక సంవత్సరములు ఆలస్యముగా.

నిర్మాణము తెలియగా ఫోలిక్ ఆమ్లము మూడు తునకల కూర్పని తేలినది. మొదటిది టెరిడిన్ అను జంటచక్రము. నడిమిది పారా అమినో బెంజోయిక్ ఆమ్లము. చివరిది గ్లుటామిక్ ఆమ్లము. ఆ నడిమి తునక విషయము కొంతసేపటిలో వచ్చును.

పుస్తకములు పాలకూర టన్నులనే గొప్పగా వర్ణించును. నా మట్టుకు నాకు, అంతగా పేరు రాని మరియొక ప్రయోగము ముఖ్యమని తోచును. 1944లో స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ పులుపు సూక్ష్మజీవులకు ఫోలిక్ ఆమ్లమును బొత్తిగా మాన్పించి, దానికి బదులు థైమినును, ప్యూరిన్ అక్షరములను వేసి చూచెను. జీవులు సుఖముగా పెరిగినవి! విటమిను లేకయే విటమిను పని నెరవేరినది. అయితే థైమిన్ ఫోలిక్ ఆమ్లముకంటె వేలరెట్లు ఎక్కువగా కావలసివచ్చెను. ఈ రెండు సంగతులను కలిపి యోజించిన చిక్కు విడిపోవును. గోడకు ఇటుకలు లక్షలు కావలెను. తాపీ ఒక్కటి చాలును. ఎక్కువగా ఖర్చైనది ఇటుక. రవ్వంతతో సరిపోయినది పనిముట్టు. థైమినును ప్యూరిన్లును ఇటుకలు. ఫోలిక్ ఆమ్లము వానిని చేయు పనిముట్టు. ఇటుకలు కట్టినవే బజారునుండి దొరకినచో ఇంటిలో అచ్చుతో పనిలేదు.

ఆ పనిముట్టు చేయు పని యిది. కణములో ఫోలిక్ ఆమ్లము నాలుగు హైడ్రోజనులను చేర్చుకొని, ఒంటి కర్బన పరమాణువును మోసికొనిపోవు బోయివంటి దగును. ఆ ఒంటి కర్బనము ముఖ్యముగా సెరిన్ అను అమినో ఆమ్లమునుండి వచ్చును. దానిని అందుండి విడదీసి బోయి భుజమున పెట్టు ఎంజైమునకు బి 6 విటమిను సహాయము కావలెను. బోయి ఆ కర్బనమును కొనిపోయి యురాసిల్ అక్షరమునకు తగిలించినచో థైమిన్ సిద్ధమగును. ప్యూరిన్ చక్రము కట్టునప్పుడు రెండవ స్థానమునను ఎనిమిదవ స్థానమునను చేరు కర్బనములు కూడ ఈ బోయి మోసినవే. థైమిన్ చేసిన పిదప బోయికి రెండు హైడ్రోజనులు తగ్గును. వానిని తిరిగి యిచ్చి పనికి సిద్ధపరచు ఎంజైము వేరొకటి కలదు. దానికి హైడ్రోజనుల నందించునది నియాసిన్ అను మరియొక బి విటమినునుండి పుట్టిన పదార్థము. అక్షరముల వెన్నున నుండు రైబోస్ చక్కెరను చేయు మార్గములలో నొకదానికి బి 1 కావలెను. ఇట్లు తక్కిన బి విటమినులు తలొక చేయి వేయుచున్నను, అక్షరశాలకు పెద్ద మేస్త్రీ ఫోలిక్ ఆమ్లమే.

మేస్త్రీ పని నిలిచిపోయిన చోట సగము కట్టిన గోడ కనబడవలెను గదా! అదియును కనబడినది. సల్ఫామందు వేసిన ఎషెరికియా కోలై పాత్రలలో ఏదో అమీను జాతి పదార్థము పేరుకొనుచున్నదని స్టెట్టెన్, ఫాక్స్ అనువారు 1945లో గమనించిరి. అది ప్యూరిన్ చక్రములో కడపటి కర్బనము చేరక నిలిచిపోయిన రూపమని 1947లో షైవ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. బోయి రాక, ఇంటి ముంగిట ఆగిపోయిన పల్లకివంటి దది.

సల్ఫామందు బోయిని ఎట్లాపెను? దీనికి సమాధానము వ్యాకరణ మెరిగినవారికి సులభముగా బోధపడును. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కన చేరుననియు, ఆదేశము శత్రువువలె వచ్చి ఉన్నదానిని వెడలగొట్టి ఆ స్థానమున కూర్చుండుననియు వైయాకరణులు చెప్పుదురు. ‘వాడు పోయె’ అనునది ‘వాడు వోయె’ అయినప్పుడు వకారము పకారమును త్రోసివేసినది. సల్ఫానిలమైడ్ ఇట్టి ఆదేశమే. అది రూపమున పారా అమినో బెంజోయిక్ ఆమ్లమును, అనగా మనము చూచిన నడిమి తునకను, మిక్కిలి పోలియుండును. ఎంజైము ఇది తనవాడే యని తలంచి చోటిచ్చును. అసలుది వచ్చునప్పటికి పీఠము ఖాళీ లేదు. ఆ నడిమి తునకను ఎక్కువగా చేర్చినచో సల్ఫామందు ప్రభావము తొలగిపోవునని వుడ్స్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు 1940లోనే చూపెను. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణ మింకను తెలియని దినములవి! కొన్ని సంవత్సరముల పిదప ఆ నిర్మాణము బయటపడి, అందు నడుమ ఆ తునకయే కూర్చుండి కనబడగా, వుడ్స్ మాట రుజువైనది.

మరి మందు సూక్ష్మజీవిని బాధించి మనలను ఏల బాధింపదు? మనము ఫోలిక్ ఆమ్లమును చేసికొనజాలము. ఆకుకూరలు, పప్పులు, కాలేయము మొదలైన ఆహారమునుండి సిద్ధరూపమున గ్రహింతుము. తయారుచేయు పీఠమే లేనిచోట దాని నాక్రమించు శత్రువువలన భయమేమి? పులుపు సూక్ష్మజీవులు కూడ సిద్ధ ఫోలిక్ ఆమ్లమును తినునవే గాన సల్ఫామందు వానిని లక్ష్యపెట్టజాలదు. పెరిగినదాని లోపము ఒక్కొక్కప్పుడు రక్షయగును.

చీము సంగతి యిప్పుడు తేటపడును. చీములో చచ్చిన కణములు చివికి, వాని కేంద్రకామ్లములు విడిపోయి, ప్యూరిన్లును థైమిడిన్ అను థైమిన్ రూపమును విరివిగా నుండును. స్టోక్స్ తన గాజుగొట్టములో చేసినదానిని ప్రకృతి ఆ పుండులో చేయుచున్నది. ఇటుకలు దొరకిన సూక్ష్మజీవి పనిముట్టు లేకున్నను బ్రదుకును. కావుననే చీమును వెడలించి శుభ్రపరుపక సల్ఫామందు నమ్ముకొనుట వ్యర్థమని శస్త్రవైద్యులు చెప్పుదురు. ఇదిగాక, మందును ఇష్టము వచ్చినట్లు వాడినందున, మోసపోని మారు ఎంజైమును సంపాదించుకొన్న సూక్ష్మజీవులు లోకమంతట వ్యాపించినవి. రెండు మాత్రలు మ్రింగి జ్వరము తగ్గగనే మానివేయువారు మన వీథిలోను కలరు.

బోయికి హైడ్రోజనుల నిచ్చు ఎంజైము నాపు ట్రైమెథోప్రిమ్ అను మందును సల్ఫాతో కలిపి యిచ్చుట తరువాత వచ్చిన పద్ధతి. ఒకటి బోయి పుట్టుకను, రెండవది బోయి విశ్రాంతిని చెడగొట్టును. ఇట్టి మందులను రూపొందించిన హిచింగ్స్, ఎలియన్ అనువారు 1988లో నోబెల్ బహుమతిని పంచుకొనిరి. సికింద్రాబాదు వారికి దీనితో మరియొక చుట్టరికమున్నది. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ మన బేగంపేట ఆసుపత్రిలో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచెను. ఆ క్రిమి బాక్టీరియా కాదు. అయినను ఫోలిక్ ఆమ్లమును తానే చేసికొను గుణము దానికిని కలదు. అందువలన సల్ఫడాక్సిన్, పైరిమెథమిన్ అను జంటమందు ఈ త్రోవనే దానిని కొట్టినది. ఇపుడు అనేక ప్రదేశములలో ఆ క్రిమి దీనికి లొంగుట మానినది.

అక్షరము కరవైన జీవి యేమగునో కోహెన్, బార్నర్ అనువారు 1954లో చూపిరి. థైమినును తాను చేసికొనలేని ఒక ఎషెరికియా కోలై తెగకు తక్కిన ఆహారమంతయు నిచ్చి థైమినును మాత్రము మాన్పిరి. సామాన్యముగా ఆకలిగొన్న సూక్ష్మజీవి ముడుచుకొని మంచికాలమునకై వేచియుండును. ఇది అట్లుండలేదు. చీటీలు వ్రాయుచునే యున్నది, మాంసకృత్తులను చేయుచునే యున్నది, పొడవుగా సాగుచునే యున్నది. కాని మూలగ్రంథము వ్రాయుట సాగక, కొంతసేపటికి, మరల థైమిన్ నిచ్చినను కోలుకొనలేనంతగా చచ్చిపోయెను. అన్నియు లేకుండుటకంటె ఒక్కటి మాత్రము లేకుండుట యెక్కువ ప్రమాదమైనది.

అతివేగముగా విభజన పొందు కణములకే ఇట్టి కరవు ఎక్కువగా తగులును. కాన్సరు కణములు అట్టివే. సుబ్బారావుగారి దళమువారు ఫోలిక్ ఆమ్లమునకు రవ్వంత రూపభేదము చేసి, ఆదేశమువలె పనిచేయు అమినోటెరిన్ అను పదార్థమును నిర్మించిరి. బోస్టను నగర వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు కాన్సరు పిల్లలకిచ్చి, పదునార్గురిలో పదుగురికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము కొలది నెలలే నిలిచినది. అయినను అంతకుముందు ఏ మందువలనను ఆ పాటి సంభవింపలేదు. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు ఏబదిమూడవ యేట మరణించిరి. అమినోటెరినునకు తమ్ముడైన మెథోట్రెక్సేట్ నేటికిని కాన్సరునందును కీళ్లవాతమునందును వాడుకలో నున్నది. సల్ఫావలె ఇది మనలను విడిచిపెట్టదు. బోయికి హైడ్రోజనుల నిచ్చు ఎంజైము మనయందును గలదు గదా! అందుచే వైద్యుని కనుసన్నను తప్ప దీనిని ముట్టరాదు. వారమున కొకదినము మ్రింగవలసినదానిని దినదినము మ్రింగి ప్రాణము మీదికి తెచ్చుకొనువారు కలరు.

ఇక బి 12. దీని జాడను కూడ పులుపు సూక్ష్మజీవియే చెప్పినది. మేరీ షార్బ్ అను విదుషి లాక్టోబాసిల్లస్ తెగ నొకదానిని తీర్పరిగా నొసగగా, దాని సాయమున మెర్క్ సంస్థవారు 1948లో కాలేయమునుండి ఎర్రని స్ఫటికములను తీసిరి. ఇంగ్లండులో లెస్టర్ స్మిత్ కూడ ఆ యేడే దానిని సాధించెను. మరుసటి సంవత్సరమునకే ఒక విచిత్రము తెలిసినది. లాక్టోబాసిల్లస్ లైక్‌మన్నియై అను తెగకు థైమిడిన్ వంటి డీఆక్సీ అక్షరముల నిచ్చినచో బి 12తో పనిలేక పెరుగును. స్టోక్స్ ప్రయోగమే మరల! కారణమేమన, చీటి అక్షరముల చక్కెరనుండి ఒక ఆమ్లజనిని తొలగించిన గాని అవి మూలగ్రంథమునకు పనికిరావు; ఆ జీవిలో ఆ తొలగించు ఎంజైమునకు బి 12 తోడుండవలెను. ఎషెరికియా కోలైలో ఆ పనిని ఇనుము గల వేరొక ఎంజైము చేయును. మనయందును అంతే.

అయినచో మనకు బి 12 లోపించినప్పుడు రక్తకణములు ఏల పెద్దవగును? ఇచట మార్గము వేరు. మనలో ఒక మిథైలును మోసికొని వచ్చిన ఫోలిక్ బోయి ఆ బరువును దింపుటకు బి 12 చేయందించవలెను. అందింపనిచో బోయి బరువుతో నిలుచుండిపోవును. ఇంట ఫోలిక్ ఆమ్లమున్నను లేనట్లే. థైమిన్ కరవు మరల తటస్థించును. ఈ స్థితిలో ఎవరైన ఫోలిక్ మాత్రలను మిక్కుటముగా నిచ్చినచో బరువులేని క్రొత్త బోయిలు వచ్చి అక్షరశాల నడచును, రక్తము బాగుపడును, అందరును సంతోషింతురు. కాని నరములకు బి 12 వలన వేరే పని కలదు, అది సాగదు. పాదములు తిమ్మిరెక్కుట, చీకటిలో నడక తూలుట, మతిమరపు – ఇవి లోలోపల పెరిగి, కొంతకాలమైన పిదప మరలింపరానివగును.

ఇది మనవంటి శాకాహార కుటుంబములవారు శ్రద్ధగా వినవలసిన విషయము. లోకమున బి 12ను చేయగల నేర్పు కొన్ని సూక్ష్మజీవులకే గలదు. ఏ చెట్టును చేయదు, ఏ జంతువును చేయదు. జంతువుల మాంసమునందును పాలయందును ఉన్నది వాని కడుపులోని సూక్ష్మజీవులవలననో, అవి తిన్న మేతవలననో చేరినదే. పాలు పెరుగు పుష్కలముగా గొనువారికి కొంత లభించును. నియమము పేర పాలను తగ్గించినవారికిని, వయసు మీరి జీర్ణశక్తి సన్నగిలినవారికిని లోపము కలుగుట సులభము. అరువది దాటిన శాకాహారి పాదములు తిమ్మిరెక్కుచున్నవని చెప్పినప్పుడు ‘వయసు’ అని తేల్చివేయక, రక్తమున బి 12 ఎంతయున్నదో చూచిన పిదపనే ఫోలిక్ మాత్రలు వాడవలెను.

గర్భిణుల విషయము వేరు. గర్భమందలి శిశువునకు వెన్నుపాము మొదటి నాలుగు వారములలోనే ఏర్పడును. తల్లికి తాను గర్భవతినని తెలియకమునుపే కార్యము ముగియును. ఒకమారు వెన్ను లోపముగల శిశువును కనిన తల్లులకు ముందుగానే ఫోలిక్ ఆమ్లము నిచ్చినచో ఆ ప్రమాదము సుమారు నూటికి డెబ్బదిరెండు వంతులు తగ్గెనని 1991లో ఇంగ్లండు వైద్యపరిశోధనా మండలి ప్రకటించినది. తక్కిన స్త్రీలకు దినమునకు 400 మైక్రోగ్రాములు, గర్భధారణకు ముందునుండియే, వైద్యులు సూచించుచున్నారు. కోడలికి నెల తప్పిన తరువాత మాత్ర తెచ్చుటకంటె పెండ్లియైన నాటనుండియే తెచ్చుట మేలు.

మెకారిసన్ దొర 1918లో కూనూరున ప్రారంభించిన ఆహారపరిశోధన 1958లో మన నగరమునకు తరలివచ్చి, సికింద్రాబాదునకు కూతవేటు దూరమున తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా వెలసినది. ఫోలిక్ ఆమ్లమును కొలుచుటకు నేడు యంత్రములెన్ని వచ్చినను, లాక్టోబాసిల్లస్ కేసియై కలకను చూచి లెక్కగట్టు పాతపద్ధతిని లోకమందలి పరిశోధకులు ఇంకను విడువలేదు.

కడపట ఒక చిన్నమాట. బి 12 మందు కాలేయమునుండి తీసినదేమో యని శంకించి మానివేసిన పెద్దలు నాకు తెలియును. అట్టి శంక యిప్పుడు అక్కరలేదు. దుకాణములలో దొరకు మాత్రలలోని బి 12 పెద్ద తొట్లలో పెంచిన సూక్ష్మజీవులనుండి తీయబడినది. ఏ జంతువునకును సంబంధించినది కాదు. గుళిక రూపమున నున్నచో పైతొడుగు జిలటినుతో చేసినదా అని మందుల దుకాణమువానిని అడిగి తెలిసికొని, తొడుగులేని మాత్రనే కొనవచ్చును.